పతనం ఎవరిది? తిరుపతి సీమ నుంచి చూసిన తెలుగు కావ్యాల వారకాంత

దొరసాని అంటే గౌరవం. మంత్రసాని అంటే పురుడు పోయడంలో చేయి తిరిగిన మనిషి. ఆ రెండు మాటల చివర ఉన్న 'సాని'ని విడదీసి ఒంటరిగా పలికితే మాత్రం అది తిట్టు. 'స్వామిని' అనే సంస్కృత పదం నుంచి వచ్చి, ఒకప్పుడు స్త్రీల పేర్ల వెనుక గౌరవసూచకంగా నిలిచిన మాట, గుడిలో ఆడి పాడే స్త్రీలకు వాడుకపేరై, చివరికి వీధిలో పలకకూడని మాటగా మారింది. మనుషుల కన్నా ముందు మాటే పతనమైందని చెప్పడానికి ఇంతకన్నా తేటైన ఉదాహరణ దొరకదు. పూర్వ శతాబ్దాల తెలుగు సాహిత్యంలో 'పతిత' ఎక్కడుందని వెతికేవారు మొదట ఈ మాటల చరిత్రను చూడాలి. ఆ సాహిత్యంలో వేశ్య ఉంది, గణిక ఉంది, వారకాంత ఉంది, కులట ఉంది, జారిణి ఉంది. జాలికీ సంస్కరణకూ పాత్రురాలైన 'పతిత' అనే స్త్రీ మాత్రం పందొమ్మిదో శతాబ్దం దాకా దాదాపుగా కనిపించదు.

ఈ విషయాన్ని పరిశీలించడానికి తిరుపతి పరిసరాలు ఒక విచిత్రమైన వసతిని ఇస్తాయి. తిరుమల కొండ మీద అన్నమయ్య శృంగార సంకీర్తనలు పుట్టాయి. ఒక పక్క శ్రీకాళహస్తిలో వేశ్యాకన్యల భక్తిని కావ్యానికి ఎక్కించిన ధూర్జటి ఉన్నాడు. మరో పక్క, ఇప్పటి చిత్తూరు జిల్లాలోని కార్వేటినగరంలో, పడుపు వృత్తిలోని బేరసారాలను దాపరికం లేకుండా పాడుకునే పదాలుగా కట్టిన సారంగపాణి ఉన్నాడు. మూడు ఊళ్లూ బస్సులో ఒక్క రోజులో చుట్టి రాగలిగినంత దగ్గర. కామం విషయంలో ఆ మూడు ఊళ్ల కవిత్వం పెట్టుకున్న నియమాలు మాత్రం ఒకదానికొకటి పొంతన లేనివి.

కావ్యశాస్త్రం రాసిన ఆలంకారికులు నాయికలను స్వీయ, పరకీయ, సామాన్య అని మూడుగా విభజించారు. కట్టుకున్న భార్య స్వీయ, మరొకరికి చెందినది పరకీయ, ధనం తీసుకొని ఎవరినైనా ఆదరించగలిగినది సామాన్య. ఈ వర్గీకరణలో గమనించవలసినది ఒకటుంది. సామాన్య ఇక్కడ ఏ మెట్టు నుంచీ జారిపడిన స్త్రీ కాదు, మొదటి నుంచీ ఆ మెట్టు మీదే ఉన్న స్త్రీ. ఆమెకు కులం ఉంది, తల్లి నుంచి కూతురికి వచ్చే ఆస్తి ఉంది, నాట్యం, సంగీతం, సాహిత్యం నేర్చుకునే హక్కు ఉంది. ఇల్లాలికి అక్షరం నిషిద్ధమైన కాలంలో ఈమెకు అది వృత్తిలో భాగం. తిరుమల తిరుపతి దేవస్థానాల శాసనాల్లో ఆలయ సేవకు చెందిన స్త్రీల ప్రస్తావనలు ఉన్నాయి. ఇలా అనడం ఆ వ్యవస్థను మెచ్చుకోవడం కాదు. పుట్టుకతోనే ఒక ఆడపిల్ల శరీరం ఎవరి అక్కరకు ఉపయోగపడాలో నిర్ణయించిన వ్యవస్థ అది. అయితే అందులోని హింసకు 'పతనం' అన్నది సరైన పేరు కాదు, ఎందుకంటే అక్కడ ఎవరూ ఎక్కడి నుంచీ పడలేదు.

మరి పాత కావ్యాల్లో పడినవారు ఎవరు? మగవాళ్లు, అందులోనూ చాలా వరకు చదువుకున్న బ్రాహ్మణ యువకులు. శ్రీనాథుని కాశీఖండంలోని గుణనిధి జూదరి, తల్లి చాటుగా ఇచ్చే ఇంటి సొమ్మును పందెంలో ఒడ్డేవాడు. అదే కవి శివరాత్రి మాహాత్మ్యంలోని సుకుమారుడు పేరుకు మాత్రమే సుకుమారుడు. తెనాలి రామకృష్ణుని పాండురంగ మాహాత్మ్యంలోని నిగమశర్మ వీళ్లందరిలోకీ ప్రసిద్ధుడు. ఇతడు పెద్దల ఆస్తిని విటత్వానికి ధారపోసి, బుద్ధి చెప్పడానికి అత్తవారింటి నుంచి వచ్చిన అక్క మాటలకు లొంగినట్టే నటించి, చివరికి ఇంట్లోని నగలన్నీ మూట కట్టుకొని రాత్రికి రాత్రే పారిపోతాడు. కవి ఆ అక్కకు పేరు కూడా పెట్టలేదు. అయినా తెలుగు పాఠకులకు నిగమశర్మ కన్నా 'నిగమశర్మ అక్క' ఎక్కువ గుర్తుంది. అన్నమయ్య పాటలకు స్వరాలు కూర్చిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఆమె మీద ప్రత్యేకంగా ఒక వ్యాసమే రాశారు. ఈ కథల్లో భ్రష్టుడైన మగవాడికి ఎప్పుడూ ఒక వెసులుబాటు ఉంటుంది. ఏ క్షేత్రంలోనో ప్రాణం పోతుంది, లేదా తెలియక వెలిగించిన దీపమో తెలియక చేసిన జాగరణో పుణ్యమై కాపాడుతుంది, యమభటులు ఉత్త చేతులతో వెనుదిరుగుతారు. ఇంట్లో ఎదురుచూసిన భార్యకు ఏమైందన్నది చాలా కథల్లో ఒక పద్యానికి కూడా నోచుకోదు.

విప్రనారాయణ కథలో ఇది ఇంకా స్పష్టంగా ఉంది. శ్రీరంగంలో రంగనాథునికి పూలమాలలు కట్టి ఇచ్చే విప్రనారాయణుడు, వైష్ణవులకు తొండరడిప్పొడి ఆళ్వారు. ఆయన కథను సారంగు తమ్మయ్య పదిహేడో శతాబ్దంలో వైజయంతీ విలాసంగా రాశాడు. దేవదేవి, మధురవాణి అక్కచెల్లెళ్లు. తోటలో తమను కన్నెత్తి చూడని బ్రాహ్మణుని నిష్ఠను చెడగొడతానని దేవదేవి అక్కతో పంతం పట్టి, దాసరి వేషంలో ఆశ్రమంలో చేరి, కొన్నాళ్లకు నెగ్గుతుంది. చేతిలో సొమ్ము అయిపోగానే వేశ్యమాత అతణ్ణి గెంటివేస్తుంది. అప్పుడు సాక్షాత్తు రంగనాథుడే గుడిలోని బంగారు గిన్నెను పట్టుకెళ్లి వేశ్య ఇంట్లో ఇచ్చి వస్తాడు. దొంగతనం విప్రనారాయణుని మీద పడుతుంది, చివరికి నిజం బయటపడుతుంది. కథ అంతా పతనం గురించే, అయితే పడినవాడు ఆళ్వారు. దేవదేవి పంతం నెగ్గించుకున్న చతురురాలు, ఆమె తన వృత్తికి తగిన పనే చేసింది. కవి ఆమెను అసహ్యించుకోడు, పైగా ఆమె వేసిన ఎత్తులను చెప్పేటప్పుడు అతని పద్యానికి హుషారు పెరుగుతుంది. వేశ్యమాత ఒక్కతే నవ్వులపాలవుతుంది, అదీ ధనాశ వల్లనే, కామం వల్ల కాదు. ఈ తేడా చిన్నది కాదు. తెలుగు ప్రబంధ కవులకు వేశ్య విషయంలో తప్పుగా తోచింది ఆమె శరీరం కాదు, లెక్క. అలా లెక్కను తప్పుపట్టిన కవులే రాజుల దగ్గర అగ్రహారాలు పుచ్చుకున్నారన్న సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవడంలో అన్యాయమేమీ లేదు.

శ్రీకాళహస్తికి వస్తే నియమం మారుతుంది. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో సాలెపురుగు, పాము, ఏనుగు, బోయవాడైన తిన్నడు, అహంకారం అణగిన కవి నత్కీరుడు, ఇలా ఎందరో శివసాన్నిధ్యం పొందుతారు. వారితోపాటు కులవృత్తిని కాదని కాళహస్తీశ్వరుని నమ్ముకున్న ఇద్దరు వేశ్యాకన్యల కథ కూడా ఉంది. ఆ కథ తెలుగు కావ్యంలో వేశ్య పుట్టుక మోక్షానికి అడ్డు కాదని చెప్పే గట్టి సాక్ష్యంగా తరచు పేర్కొనబడుతుంది. అది నిజమే, కాని మిగతా భక్తులతో పోల్చినప్పుడు ఒక తేడా కనిపిస్తుంది. సాలెపురుగు సాలెపురుగుగానే ఉండి గూడు అల్లి తరించింది. తిన్నడు వేటగాడుగానే ఉండి, ఎంగిలి మాంసం నివేదించి తరించాడు, శివుడు అతణ్ణి వేట మానమని అడగలేదు. ఆ కన్నెలకు మాత్రం తరించడానికి తమ వృత్తికి దూరం జరగడం అవసరమైంది. పురుగు నుంచి బోయ దాకా ఎవరి స్వభావంతో వారిని ఒప్పుకున్న కావ్యం, ఆడదాని కామం దగ్గరికి వచ్చేసరికి ఒక షరతు పెట్టింది. ధూర్జటి ఎంత ఉదారుడైనా ఆ షరతును దాటలేదు.

ఇదే ధూర్జటి మీద తెలుగులో ఒక చాటువు, అంటే నోటినోట తిరిగే పద్యం, ప్రచారంలో ఉంది. ధూర్జటి మాటలకు ఇంత మాధుర్యం ఎలా వచ్చిందని శ్రీకృష్ణదేవరాయలు అడిగితే, వారవనితల అధరామృతం తాగడం వల్లనేనని తెనాలి రామకృష్ణుడు బదులిచ్చాడని చెబుతారు. చాటువు చరిత్ర కాదు. అయితే ఆ కవి శతకం నిండా ఉన్న పశ్చాత్తాపం, రాజసేవ మీదా స్త్రీవ్యామోహం మీదా అతడు వెళ్లగక్కిన ఏవగింపు, ఆ చాటువుతో కలిపి చదివినప్పుడు లోకానికి కవి జీవితం అంతా ఒక నిగమశర్మ కథలా కనిపించింది. భోగం, పతనం, విరక్తి, శరణాగతి అన్న ఆ నాలుగు మెట్ల కథ మగవాడికి గౌరవాన్ని పెంచింది. అదే నాలుగు మెట్లూ నడిచిన స్త్రీని మహాకవిగా తలచుకున్న చాటువు తెలుగులో ఒక్కటైనా లేదు.

కొండ మీద ఇంకో లెక్క. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు ముప్పై రెండు వేలని సంప్రదాయం, రాగిరేకుల ద్వారా మనకు దక్కినవి 12,000కు పైగా. అందులో సింహభాగం శృంగారమే. రేకుల మీదే ఇవి అధ్యాత్మ, శృంగార సంకీర్తనలుగా వేరుగా చెక్కి ఉన్నాయి. గోటి నొక్కులు, పంటి గాట్లు, చెదిరిన కస్తూరి, కొత్తగా విచ్చిన చెమట, రాత్రంతా మేలుకున్న కళ్లు, సవతి మీద కసురు, చెలికత్తె ఎత్తిపొడుపు, ఇవన్నీ ఆ పాటల్లో ఒక ఇంటి ఆడవాళ్లు పెరట్లో మాట్లాడుకున్నంత సహజంగా ఉంటాయి. ఆయన తన ప్రసిద్ధ కీర్తన ఒకదానిలో దేవతల కామసుఖమూ కీటకాల కామసుఖమూ ఒకటేనని తేల్చేశాడు. సామాజిక సమత గురించి చెప్పేటప్పుడు ఆ కీర్తనను అందరూ ఉదహరిస్తారు, ఈ చరణాన్ని మాత్రం చాలామంది చూసీ చూడనట్టు దాటేస్తారు.

అన్నమయ్య శృంగారానికి దక్కిన మినహాయింపుకు కారణం ఆయన మనవడు చిన్నన్న రాసిన అన్నమాచార్య చరిత్రలోనే దొరుకుతుంది. అలమేలుమంగ పెదవి మీది కస్తూరి గుర్తును వర్ణించిన పాట విని పరవశించిన సాళువ నరసింహరాయలు, తన మీద కూడా అలాంటిది ఒకటి చెప్పమన్నాడు. హరిని కీర్తించిన నాలుక మరొకరిని కీర్తించదని అన్నమయ్య నిరాకరించాడు, సంకెళ్లు అనుభవించాడు. అంటే ఒకే మాటలు, ఒకే పెదవి, ఒకే గుర్తు, దేవుడి పక్కన ఉంటే భక్తి, రాజు పక్కన ఉంటే పాపం. నాయకుడు ఎవరన్నది తేలితే తప్ప శృంగారం పవిత్రమో కాదో చెప్పలేని పరిస్థితి. దీని మరో ఫలితం కూడా ఉంది. ఆ సంకీర్తనల్లో మాట్లాడే స్త్రీ ఎంత కోపంగా, ఎంత కాంక్షతో మాట్లాడినా ఆమె అలమేలుమంగ, అంటే స్వీయ. ఆ రక్షణ కింద, మామూలు ఇల్లాలు నోరు విప్పి చెప్పుకోలేనివన్నీ ఆమె చెప్పుకోగలిగింది.

పదిహేడో శతాబ్దంలో తంజావూరు నాయకరాజుల కాలానికి ఈ రక్షణ పలచబడింది. క్షేత్రయ్య పదాల్లో మువ్వగోపాలుడు దేవుడే కాని, విటుడు కూడా. నాయిక తరచుగా సామాన్య, మరికొన్నిచోట్ల పరకీయ. తరువాత వచ్చిన సారంగపాణి కార్వేటినగరం సంస్థానంలో ఉంటూ వేణుగోపాలుని ముద్రతో పదాలు రాశాడు. అతని నాయికలు క్షేత్రయ్య నాయికల కన్నా కటువుగా, వాడుకమాటలతో, ఊరి నుడికారంతో మాట్లాడతారు. విరహం కన్నా బాకీ ఎక్కువగా ప్రస్తావనకు వస్తుంది. ఆ కాలపు పదాల్లో ఒకదానిలో నాయిక గడప తొక్కడానికి ఇంత, పడకగది చూడడానికి ఇంత, పక్కన కూర్చోవడానికి ఇంత అని ధరలు చెప్పుకుంటూ పోతుంది. దాన్ని అశ్లీలమని తోసిపుచ్చినవారు ఉన్నారు, దేవుడికి చెల్లించే భక్తుడి మొక్కుబడులకు రూపకమని సమర్థించినవారూ ఉన్నారు. రెండు వాదాలూ పదంలోని ముఖ్యమైన విషయాన్ని వదిలేస్తాయి. ప్రబంధ కవి వేశ్యమాత నోట పెట్టి ఎగతాళి చేసిన లెక్కను, ఈ పదం నాయిక నోటనే, సిగ్గు లేకుండా, హక్కుగా పలికించింది. అక్కడ దేవుడు ఒక గిరాకీ. గిరాకీకి చెప్పవలసిన ధర ఆమె చెప్పింది, వెళ్లాలో ఉండాలో ఆ దేవుడే తేల్చుకోవాలి.

వృత్తిలో ఉన్న స్త్రీల సంగతి ఇది. పెళ్లయి మరొకరి కోసం బయలుదేరిన స్త్రీ సంగతి వేరు, శాస్త్రప్రకారం నిజంగా 'పడినది' ఆమే. పాలవేకరి కదిరీపతి శుకసప్తతిలోనూ, అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతిలోనూ ఈ స్త్రీయే కేంద్రం. హంసవింశతిలో వర్తకుడైన భర్త ఊళ్లో లేనప్పుడు హేమావతి రాజు చిత్రభోగుణ్ణి కలుసుకోవడానికి సింగారించుకొని బయలుదేరుతుంది. ఆమెకు కథలు చెప్పే హంస పాపపుణ్యాల ప్రసంగం చేయదు. ఫలానా ఊళ్లో ఫలానా స్త్రీ ఇలా పట్టుబడబోయి ఇలా తప్పించుకుంది, నీకూ అంత నేర్పు ఉంటే వెళ్లమంటుంది. కథ ముగిసేసరికి తెల్లవారుతుంది. ఇరవై రాత్రులు ఇలా గడుస్తాయి. పాపం కాదు, తెలివి ఇక్కడ కొలమానం. మోసపోయిన భర్తలే నవ్వులపాలవుతారు. కమ్మరి, కుమ్మరి, సాలె, గొల్ల, రెడ్డి, కరణం ఇళ్ల పనిముట్లూ వంటలూ నగలూ ఈ కావ్యాల్లో ఎంత వివరంగా ఉన్నాయంటే, సామాజిక చరిత్ర రాసేవారు శృంగారాన్ని పక్కనబెట్టి వాటి కోసమే ఈ పుస్తకాలు తెరుస్తారు. అయితే ఈ నవ్వుకు హద్దుంది. కథలోని జారిణి తప్పించుకుంటుంది, ఆ కథలు వింటున్న హేమావతి మాత్రం గడప దాటదు. స్వేచ్ఛ విన్న కథల్లో ఉంటుంది, విన్నదాని జీవితంలో ఉండదు.

తిరుపతి జానపదం ఈ ప్రశ్నను మరోవైపు నుంచి చూసింది. తాతయ్యగుంట గంగమ్మ జాతరకు ఆధారమైన కథలో పాలెగాడు కొత్తగా పెళ్లయిన ప్రతి ఆడపిల్లనూ తన దగ్గరికి పంపాలని శాసిస్తాడు. గంగమ్మ అతణ్ణి వెతికి, వేషాలు మార్చి, బయటికి రప్పించి తల నరుకుతుంది. ఆ కథలో పాలెగాడు చెరిచిన ఆడపిల్లల్లో ఒక్కరినీ 'చెడిపోయినది' అనరు. తప్పు ఎవరిదో ఊరికి తెలుసు, శిక్ష ఎవరికి పడాలో దేవతకు తెలుసు. జాతరలో మగవాళ్లు ఆడవేషం కట్టి వీధుల్లో తిరగడమూ, వేషగాళ్ల నోట బూతులు మర్యాదగానే చెల్లడమూ కావ్యాల శృంగారం కన్నా వేరే తర్కానికి చెందినవి. కావ్యాల్లో ఇంద్రుడు, చంద్రుడు ఇంతకన్నా సులువుగా బయటపడ్డారు. మధుర నాయకుల కాలపు అహల్యా సంక్రందన విలాసం, తారాశశాంక విజయం లాంటి కావ్యాలు అహల్యను, తారను తామే కోరుకున్న ప్రేయసులుగా చిత్రించి, శాపాన్ని దాదాపు అనవసరమైన చివరి పేజీగా మార్చాయి.

పందొమ్మిదో శతాబ్దం చివరిలో ఈ మొత్తం అమరిక తలకిందులైంది. కందుకూరి వీరేశలింగం నాయకత్వంలో సాగిన సంస్కరణోద్యమం భోగం మేళాలను నిరసించింది. భోగంవారి ఆటపాటలకు వెళ్లనని ప్రమాణం చేయడం చదువుకున్నవారి మర్యాదకు గుర్తయింది. బాల్యవివాహం, వితంతువుల దైన్యం విషయంలో ఆ ఉద్యమం చేసిన మేలు ఎవరూ కాదనలేనిది. అయితే అంతవరకు ఒక కులానికి చెందిన వృత్తిస్త్రీగా ఉన్న మనిషి ఆ భాషలో ఒక రోగంగా, ఆ తరువాత ఒక బాధితురాలిగా మారింది. పడినవాడు నిగమశర్మ కాదు, పడగొట్టేది సాని అన్న భావం స్థిరపడింది. గురజాడ అప్పారావు కన్యాశుల్కం ఈ మార్పును దగ్గరగా చూసి రాసిన నాటకం. 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చయిన మొదటి కూర్పు కన్నా, 1909 నాటి రెండో కూర్పులో మధురవాణి బాగా పెరిగింది. గిరీశం, రామప్పంతులు, లుబ్ధావధాన్లు లాంటి పెద్దమనుషుల మధ్య ఇచ్చిన మాట నిలుపుకునేది ఆమె ఒక్కతే. సానివాళ్ల ముఖం చూడనని వ్రతం పట్టిన సౌజన్యారావు పంతులు దగ్గరికి ఆమె మగవేషంలో వెళ్లి, సాయానికి ప్రతిఫలంగా ఒక ముద్దు అడిగి, అతడు తడబడినప్పుడు తానే అతని వ్రతభంగాన్ని ఆపుతుంది. దేవదేవి బ్రాహ్మణుని నిష్ఠను చెడగొట్టి నెగ్గింది, ఆమె అక్క పేరే పెట్టుకున్న మధురవాణి నిష్ఠను కాపాడి నెగ్గింది. ఆమెకు బహుమతిగా దొరికింది భగవద్గీత. ఇందులో వెటకారం ఎంత, విశ్వాసం ఎంత అన్నది గురజాడ పాఠకులు నేటికీ తేల్చుకోలేదు.

1920ల నాటి కాళ్లకూరి నారాయణరావు చింతామణి నాటకం వేశ్యావృత్తి చేటును చాటడానికే రాయబడింది, కాని ఊరూరా ఆడింది అందులోని హాస్యం వల్ల. వంద ఏళ్ల తరువాత, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అందుకు దారితీసిన అభ్యంతరం చింతామణి చిత్రణ గురించి కాదు, సుబ్బిశెట్టి పాత్ర ఒక కులాన్ని కించపరుస్తోందన్నది. ఆ అభ్యంతరంలో న్యాయం లేదనలేం. ఇన్నేళ్లూ నాటకంలోని స్త్రీ తరఫున అలాంటి ఫిర్యాదు ఏదీ ప్రభుత్వం దాకా వెళ్లి నెగ్గలేదన్నది కూడా అంతే నిజం.

స్త్రీ తరఫున గట్టిగా మాట్లాడింది ఒక వేశ్యాకులంలో పుట్టిన విదుషి. తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుని (1739–1763) ఆస్థానంలోని ముద్దుపళని రాధికా సాంత్వనం అనే శృంగార కావ్యం రాసింది. తాను పెంచిన ఇళను కృష్ణునికిచ్చి పెళ్లి చేసి, ఆ తరువాత అసూయతో కుమిలే రాధ అందులో నాయిక. వయసు మీరిన స్త్రీ కోరికను, కోరికలో ఆమె చూపే చొరవను తెలుగులో ఇంత నేరుగా చెప్పిన కావ్యం మరొకటి లేదు. కందుకూరి తన ఆంధ్ర కవుల చరిత్రలో ఆమె పాండిత్యాన్ని ఒప్పుకుంటూనే, కావ్యంలోని కొన్ని భాగాలు స్త్రీ నోట రాదగినవి కావని, ఆమె వేశ్య అని తీర్పు చెప్పాడు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని పూర్తిగా, కోతలు లేకుండా అచ్చు వేయించి, సిగ్గు స్త్రీలకేనా, మగకవులకు ఉండనక్కరలేదా అని ముందుమాటలో నిలదీసింది. అంతకన్నా పచ్చిగా రాసిన పురుషుల కావ్యాలు పాఠ్యాలుగా చెల్లుతున్నప్పుడు ఇది ఎలా అశ్లీలమైందన్నది ఆమె ప్రశ్న. 1911లో ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పూనికతో 1947లో నిషేధం తొలగింది, 1952లో వావిళ్లవారు మళ్లీ అచ్చు వేశారు.

ఆ 1947లోనే మద్రాసు రాష్ట్రం దేవదాసీల అంకితాన్ని నిషేధించే చట్టం చేసింది. ఆడపిల్లలను గుడికి వదిలే ఆచారాన్ని చట్టం ఆపింది, ఆపవలసిందే. పుస్తకానికి సంకెళ్లు ఊడిన ఏడాదే, దాన్ని రాయగల చదువు ఆడపిల్లలకు ఇచ్చిన కులం వృత్తిగా ముగిసింది. ఆ రోజుల్లోనే, 1922లో తిరుమల సంకీర్తన భాండారం నుంచి బయటపడిన అన్నమయ్య రాగిరేకులను పండితులు తిరుపతిలో పరిష్కరిస్తున్నారు. రేకుల మీద ప్రతి శృంగార సంకీర్తనకూ రాగం పేరు ఉంది, పాడే తీరు మాత్రం ఎవరికీ గుర్తు లేదు.